దొర కారు హారన్

చిట్యాల, శుక్రవారం రాత్రి

ఊరు వదిలి హైదరాబాదు పోయిన దొర తన కారు అమ్ముతున్నాడంటే ఇవాళ నడిపి చూశాను. ఇంజను బాగుంది. ఈ మోడలు తయారీ ఆపేశారు, సామాను దొరకదన్నదే నా దిగులు. పొలిమేరలో హారన్ కొట్టాను. ఆ మోత వింటే చెప్పులు చేతబట్టుకుని పక్కకు జరిగే జనం ఇవాళ కదల్లేదు. కర్రలతో దారికడ్డంగా నిలబడ్డారు.

వాళ్లలో మా ఇంట్లో పాలు పోసే మల్లయ్య కారులోకి తొంగిచూశాడు. "దొర ఉన్నడా?"

"లేడు మల్లయ్యా. నేనే కొందామని చూస్తున్న."

"అయితె బండి ఇగ నీదన్నట్టు," అని దారిచ్చాడు.

పొద్దుటి చలికి స్టార్టవుతుందో లేదో చూద్దామని ఇంటికే తెచ్చాను. వాకిట్లో ఉంది. దారిన పోయేవాళ్ల కంటపడకుండా కప్పడానికి ఇంట్లో దుప్పట్లన్నీ తెచ్చినా చాలలేదు.