పసుపు పొట్ట చేపలు

గూడెం కొత్తవీధి,
12-8-2003

ఫ్లోరెన్స్ మేడం గారికి నమస్కారం.

ఎరగా గాలానికి కట్టే మీ రబ్బరు చేపలకు పసుపు పొట్టలు ఎందుకొచ్చాయని అడిగారు. ఆ రంగు నేను వేసింది కాదు, మా అత్త గంగమ్మ వేసింది. మామ సీలేరు ఏట్లో మునిగి చనిపోయాక తొమ్మిదేళ్ళుగా ఆమె ఏటి వైపు వెళ్ళలేదు, ఇంట్లో చేప వండనివ్వలేదు. నేను మీ చేపలకు రంగులేస్తుంటే అటు తిరిగి కూర్చునేది.

పోయిన నెల ఒకరోజు లేచి వచ్చి చూసింది. "ఇదేటే, సచ్చిన సేపలాగ తెల్లగా పూసినావు? బతికున్నదాని పొట్ట పసుపుగుంటాది" అని కుంచె లాక్కుంది. సాయంత్రానికి అన్నింటికీ పూసేసింది.

మీరు పంపిన శాంపిల్ చూపించి తెల్లగానే ఉండాలన్నాను. "అయితే సేపనే అడుగుదాం, పద" అంది.

ఇద్దరం ఏటికి వెళ్ళాం. గాలానికి కట్టిన తెల్ల శాంపిల్‌ని ఏ చేపా ముట్టలేదు. పసుపుదాన్ని ఒక పెద్ద చేప మింగి గాలానికి చిక్కింది, దాని పళ్ళకు బొమ్మ చిరిగిపోయింది. మీకు పంపిన సంచిలో ఒకటి తగ్గింది అందుకే. అత్త గట్టున కూర్చుని మామను పేరు పెట్టి తిట్టింది, చాలాసేపు ఏడ్చింది. ఇంటికొచ్చి ఆ చేపతో పులుసు పెట్టింది.

మళ్ళీ తెల్లరంగు పూయడానికి నాకు చేతులు రాలేదు మేడం. కావాలంటే నన్ను పనిలోంచి తీసెయ్యండి. అత్తకు మాత్రం పసుపు రంగు డబ్బా ఒకటి పంపండి. ఉన్నది అయిపోయింది.