పదో భాగంలోనైనా నవ్వనివ్వండి

బావగారికి,

యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మా సినిమా హాలు క్యాంటీనులో నేటి నుంచి టీ గాజు గ్లాసుల్లో కాక కాగితం కప్పుల్లో ఇవ్వబడును. దీనికి కారకులు మీరే.

మీరు రాసే సినిమాల్లోని గూఢచారి మొదటి ఆరు భాగాల్లో మేడ మీంచి దూకుతూ కూడా జోకులేసేవాడు. జనం కుర్చీ వదిలేవారు కాదు. ఏడో భాగం నుంచి వాడు అద్దం ముందు నిలబడి ఏడుస్తున్నాడు. వాడు ముక్కు చీదగానే సగం హాలు నా కౌంటరు దగ్గరికొస్తోంది. గ్లాసులు కడగలేక చస్తున్నాను. నా వ్యాపారానికి మీ ఏడుపే మంచిది. అయినా కడుపులో మాట దాచుకోలేని జన్మ నాది.

పదో భాగమూ ఇలాగే ఉంటే వేరే రచయితను పెట్టుకుంటానని నిర్మాత తేల్చి చెప్పాడట. మీరేమో గాంభీర్యం తగ్గించేది లేదని భీష్మించుకు కూర్చున్నారట.

నిన్న మ్యాట్నీకొచ్చిన ఒక ముసలావిడ టీ ఊదుకుంటూ, "కొంపలేవో మునిగిపోతున్నట్టు ఎప్పుడూ ఆ మొహమేంట్రా? బంగారంలా నవ్వేవాడు. ఆ ఉద్యోగం ఉంటే ఎంత, ఊడితే ఎంత? ముందు ఒక్కసారి నవ్వమను" అంది. దీన్నే ప్రజాభిప్రాయంగా తీసుకుని కథ మార్చండి.

ఇక నిజం. నిన్న ముసలావిడ ఎవరూ రాలేదు. ఆవిణ్ణి నేనే పుట్టించాను. ఆ మాటలు మాత్రం మా అక్క ఫోనులో అన్నవి. అక్క మీ సినిమాలు చూడటం ఎప్పుడో మానేసింది.

మీ బావమరిది