ఫెర్రీలో పడని రివర్సు గేరు

హెల్లెయ్ దీవి,
సెప్టెంబరు 5, శుక్రవారం.

టౌనులో గేరు బాక్సుల షెడ్డు స్వెర్రె గారికి టోర్లెయివ్ నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా గొర్రెలూ. ఎడమ మోకాలు మొరాయించాక క్లచ్చి లేని ఆటోమేటిక్ కారు కొన్నాను. ముప్పై ఏళ్ల నాటిది. ముందుకి బాగా పోతుంది. రివర్సులో పెడితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు.

బళ్లని అవతలి ఒడ్డుకి దాటించే మా ఫెర్రీ చిన్నది. తలుపు ఒకవైపే. ముందుకి ఎక్కాలి, వెనక్కి దిగాలి. నిన్న బజారుకని ఎక్కి, దిగలేకపోయాను. సాయంత్రం దాకా ఫెర్రీతో పాటే అటూ ఇటూ తిరిగాను. చివరికి డెక్కు మనుషులు తోసి దింపారు.

ఏం చెయ్యాలో రాయగలరు.
ఇట్లు, టోర్లెయివ్.

తా.క. ఫెర్రీలో కాఫీ కొట్టు బోర్గిల్డ్ గారు వాఫుల్ అట్టు కావాలా అని నాలుగుసార్లు అడిగారు. నాలుగుసార్లూ కావాలన్నాను. ఈ ఏడాదిలో నేను ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది నిన్ననే.


సెప్టెంబరు 8.

పెద్దాయన టోర్లెయివ్ గారికి,

మీరేం దిగులు పడకండి. నలభై ఏళ్లుగా గేరు బాక్సులతోనే కాపురం చేస్తున్నాను, మా ఆవిడే అంటుంది ఆ మాట. ముందు గేరు ఆయిలు చూడండి. చదునైన చోట ఆపి, ఇంజను వేడిగా, ఆన్‌లో ఉండగానే ఆయిలు పుల్ల తీసి చూడాలి. తక్కువైతే రివర్సు పట్టు దొరకదు. ఎర్రగా ఉంటే మంచిది. నల్లబడి మాడు వాసన వస్తే నాకు రాయండి. ఒక డబ్బా పంపుతున్నాను.

ఉంటాను, స్వెర్రె.

తా.క. వాఫుళ్ల సంగతి గేరుకి సంబంధం లేదు. లక్షణాలు మాత్రమే రాయండి.


సెప్టెంబరు 12, శుక్రవారం.

స్వెర్రె గారికి నమస్కారాలు.

మా దీవి అంతా ఎగుడుదిగుడు. చదునైన చోటు ఫెర్రీ డెక్కు ఒక్కటే. నిన్న అక్కడే చూశాను. పుల్ల కొసన తడి తప్ప ఏమీ లేదు. మీ డబ్బా పోశాను. వాసన వచ్చింది గానీ అది వాఫుల్‌ది. ఫెర్రీలో బండి వెనక్కి పోలేదు. మళ్లీ తోసే దింపారు. ఇంటికొచ్చాక చూస్తే రివర్సు పడింది. కంచె గుంజ ఒకటి ఒరిగింది.

ఇట్లు, టోర్లెయివ్.

తా.క. బజారు చెయ్యక ఇంట్లో కాఫీపొడి అయిపోయింది. ఫెర్రీలో దొరుకుతోంది లెండి.


సెప్టెంబరు 16.

టోర్లెయివ్ గారికి,

ఇంటి దగ్గర పడి, ఫెర్రీలో పడకపోవడమేమిటండీ? నాకు నిద్ర పట్టడం లేదు. వెనక ఎవరినైనా నిలబెట్టి, రివర్సు పెట్టినప్పుడు తెల్ల లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడమనండి. గురువారమేనా, మిగతా రోజుల్లో కూడానా?

స్వెర్రె.


సెప్టెంబరు 22, సోమవారం.

స్వెర్రె గారికి నమస్కారాలు.

గురువారం లైట్లు వెలగలేదు. బోర్గిల్డ్ గారు స్వయంగా వెనక నిలబడి చూశారు. నిన్న ఆదివారం ఫెర్రీలోనే రివర్సు చక్కగా పడింది. దిగి, చర్చికి వెళ్లి వచ్చాను.

ఇట్లు, టోర్లెయివ్.

తా.క. ఆదివారం కాఫీ కొట్టు ఉండదు.


సెప్టెంబరు 24.

టోర్లెయివ్ గారికి,

దొరికింది. లైట్లు వెలగలేదంటే లివరు మాట గేరు బాక్సుకి అందడం లేదు. మధ్యలో కడ్డీ జారింది. ఆదివారం సంగతి అంతుపట్టలేదు గానీ, వదిలేది లేదు. అక్టోబరు 9, గురువారం ఇద్దరు మనుషులతో, ఇంకో గేరు బాక్సుతో నేనే వస్తున్నాను. ఫెర్రీలోనే విప్పుతాం. కెప్టెన్‌తో మాట్లాడాను. ఇక జన్మలో మీరు ఆ ఫెర్రీలో ఇరుక్కునే పని ఉండదు.

స్వెర్రె.


అక్టోబరు 1, బుధవారం.

స్వెర్రె గారికి టోర్లెయివ్ తల వంచుకుని రాస్తున్నది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బాగైపోతే ఫెర్రీలో కూర్చోవడానికి నాకు సాకేది? మీ ఆయిలుతోనే అది బాగైంది. తరవాత కాఫీ కొట్టు ఉన్న రోజున ఫెర్రీలో నేను రివర్సు పెట్టనే లేదు. పెట్టనిదే లైట్లు వెలగవు. అబద్ధం రాయలేదు గానీ నిజం దాచాను. క్షమించాలి.

శనివారం ఫెర్రీ ఎక్కి బోర్గిల్డ్ గారికి చెప్పేశాను. ఆమె వాఫుల్ తిరగేస్తూ, తల ఎత్తకుండానే అంది:

"పెట్టలేదని నాకు తెలీదేంటయ్యా? వెనక నించుని చూసింది నేనే కదా. కాఫీ కప్పు వదిల్తేగా నీ చెయ్యి లివరు మీదికి పోయేది."

వాఫుల్ పళ్లెంలో వేసి నా ముందుకి తోసింది.

"రేపు కొట్టు లేదు," అంది. "ఇంటికి రా."

ఇట్లు, టోర్లెయివ్.

తా.క. ఆమె ఇంటి ముందు సందు ఇరుకు. బయటికి రావాలంటే వెనక్కే రావాలి. ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. ఇవాళ బుధవారం. ఈసారి రివర్సు నిజంగానే పెట్టాను. లైట్లు కూడా వెలిగాయి, బోర్గిల్డ్ చూసింది. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. గేరు బాక్సు ఇక్కడికే తీసుకురండి. తొందరేమీ లేదు. లేదనే ఆమె కూడా అంటోంది.