కొల్లేటి వలకు కట్టిన జనరల్

పశ్చిమ గోదావరి జిల్లా ఏలూరు కాపురస్థుణ్ణి, కీర్తిశేషులు మద్దాల యోహాను గారి కుమారుణ్ణి, మిషను బడిలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, ప్రసాదరావు అనే నేను, నా అరవై మూడో యేట, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగా ఉందని మొదటే రాయాలన్నారు వకీలు గారు. బుద్ధి స్థిమితంగానే ఉంది. గుండె మాత్రం పోయిన గురువారం నుంచి నా చెప్పుచేతల్లో లేదు. ఆ రోజు కొల్లేటి లంకలో నేను చూసింది నిజమేనా అని ఇప్పటికీ గిల్లుకుని చూసుకుంటున్నాను. ఇంతకు ముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు.

1. నేనుంటున్న పెంకుటిల్లు, దొడ్డి, బావితో సహా, నా భార్య మార్తమ్మకు సర్వహక్కులతో చెందాలి. భోజనాల బల్ల కూడా ఆమెదే. దాని మీద నేను బొమ్మ సిపాయిలతో యుద్ధాలు చేసినన్నాళ్ళూ ఆమె చాప మీద కూర్చుని తిన్నది. ఆ బొమ్మల్లో జనరల్ కనపడని నాడు, "మీరే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటారండీ" అన్నది. నోరు మూసుకోమన్నాను. ఆ మాటకు సిగ్గుపడుతున్నానని ఇందులో రాసి ఉండాలి.

2. పెంటపాడులోని అరెకరం మాగాణి మా అమ్మాయి సువర్ణకు. నా రంగులు, ఉడుత వెంట్రుకల కుంచెలు కూడా ఆమెకే. అమ్మా, కుంచె మొన తీయడానికి నోట్లో పెట్టుకోకు. నేను పెట్టుకున్నాను గాని నువ్వు పెట్టుకోకు.

3. నెపోలియన్ సైన్యపు జనరల్, గుర్రంతో సహా, తాడేపల్లిగూడెంలో పోస్టుమాస్టరుగా చేసిన సూర్యనారాయణ గారికి చెందాలి. ఎందుకో వివరంగా రాయాలి.

మా బడిలో చరిత్ర చెప్పిన దొరగారు స్వదేశం వెళ్ళిపోతూ రెండు పెట్టెల సీసపు సిపాయిలను నాకిచ్చారు. ఒకటి ఫ్రెంచి సైన్యం, ఒకటి ఇంగ్లీషు సైన్యం. నేను ఫ్రెంచి వైపు, సూర్యనారాయణ గారు ఇంగ్లీషు వైపు. నెలకు రెండు శనివారాలు ఆయన రైలెక్కి వచ్చేవారు. పాచికలు వేసి, అడుగుబద్దతో కొలిచి సిపాయిలను నడిపేవాళ్ళం. నా సైన్యానికి జనరల్ లేడు. 1951లో దొరగారు ఒకణ్ణి పార్సెల్లో పంపారు. నా బొటనవేలంత ఉన్నాడు, బోడి సీసం.

నాలుగు నెలలు రంగు వేశాను. మైనంతో సీసా మూతకు అతికించి, కోటుకు నీలం, మడతల్లో ముదురు నీలం, భుజాల మీది కుచ్చులకు పటాలు కట్టేవాడి దగ్గర తెచ్చిన బంగారు పొడి. కళ్ళు సూదిమొనతో, ఊపిరి బిగబట్టి పెట్టాను. ఎడమ కన్ను మూడుసార్లు చెడింది. మూడుసార్లూ చెరిపి మళ్ళీ వేశాను.

ఆట మంచి పట్టులో ఉండగా తీసి సూర్యనారాయణ గారిని అదరగొట్టాలని ఆ శనివారం దాన్ని దాచాను. మూడు చోట్లు మార్చాను. నాకు గుర్తున్నది రెండో చోటు, బీరువా. ఆట మధ్యలో వెళ్ళి చూస్తే లేడు. ఇంట్లో ఉన్న పరాయి మనిషి ఆయనొక్కరే. జేబులు చూపించమన్నాను. చూపించారు. ఏమీ లేదు. అయినా ఊరుకోక బడిలోనూ, గుడి దగ్గరా ఆయన దొంగ అని చెప్పాను. తర్వాత జనం రిజిస్టరు కవర్లను ఆయన ఎదుటే అటూ ఇటూ తిప్పి చూసుకుని తీసుకునేవారట. పోస్టుమాస్టరుకు అంతకంటే అవమానం ఏం కావాలి?

మూడో చోటు విరిగిన సిపాయిల డబ్బా అడుగు. కొల్లేరు నుంచి చేపలు తెచ్చే తాతారావుకు వల నీళ్ళలో మునగడానికి అంచున కట్టుకునే సీసపు గుళ్ళ కోసం విరిగిన సిపాయిలను ఇస్తుండేవాణ్ణి. ఆ సాయంత్రం అతను దొడ్డిగుమ్మంలోకి వస్తే, ఆట మీద నుంచి తలెత్తకుండా "ఆ డబ్బా ఇచ్చి పంపెయ్" అని మార్తమ్మను కేకేసింది నేనే. సూర్యనారాయణ గారి ఎదుటే కేకేశాను.

గురువారం కైకలూరు వెళ్ళినవాణ్ణి, తాతారావు రమ్మంటే వాళ్ళ లంకకు వెళ్ళాను. గెడకు ఆరేసిన వల అంచున, గుళ్ళ మధ్య, తలకిందులుగా నా జనరల్. మడతల్లో ముదురు నీలం అలాగే ఉంది. ఎడమ కన్ను ఉంది. "మిగతాయన్నీ కరిగించేసేమండీ. గుర్రం మీద దొరగార్ని కరిగించడానికి మనసొప్పలేదండీ, కాళ్ళకి తాడేసి కట్టేసేం. మాంచి బరువండీ బాబూ" అంటూ తాడు విప్పి జనరల్‌ను నా చేతికిచ్చాడు తాతారావు. అతనికేం తెలుసు? ఆరేళ్ళు ఒక మర్యాదస్థుణ్ణి దొంగను చేసినవాణ్ణి నేను.

4. తాతారావుకు కొత్త వల ఒకటి, దాని చుట్టూ కట్టుకోవడానికి సరిపడా సీసం నా సొత్తులోంచి కొనివ్వాలి.

5. మా బావమరిది పేతురుకు నా గొడుగు. సూర్యనారాయణ గారి దొంగతనం కబురు ఎండనక తాడేపల్లిగూడెం దాకా మోసినవాడు ఇతనే. నిజం కూడా అంత దూరమూ మోయాలి గనక గొడుగు అవసరం.

6. పై అయిదూ రాసి, సంతకాల కోసం వకీలు గారి ఇంటికి వచ్చాక ఇది చేరుస్తున్నాను. తప్పు ఒప్పుకుని, ఈ రోజు ఇక్కడ సంతకాలని నేను రాసిన ఉత్తరానికి జవాబివ్వని సూర్యనారాయణ గారు ఈ ఉదయం ఇక్కడికే వచ్చారు. నిలబడే మూడో క్లాజు చదివారు. రెండో సాక్షి ఇంకా రాలేదని విని, తాను పెడతానని కలం అడిగారు. సాక్షిగా సంతకం పెట్టినవారికి అదే వీలునామాలో రాసింది చెల్లదని వకీలు గారు హెచ్చరించారు. "తెలుసండీ. అందుకే పెడతానంటున్నాను. ఆ బొమ్మ నా ఇంట్లో కనపడిందంటే, అప్పుడు పట్టుకెళ్ళింది ఇదేనంటారండీ జనం" అన్నారాయన.

ఇది నాకు తట్టనే లేదు. నేను ఇవ్వబోయింది కూడా ఆయనకు నిందే అయింది. మూడో క్లాజు కొట్టేయమంటారా అని గుమాస్తా అడిగాడు. వద్దన్నాను. చెల్లకపోయినా అది అక్కడే ఉండాలి, నేను పోయాక తాడేపల్లిగూడెం పోస్టాఫీసు వరండాలో పేతురు దాన్ని పైకి చదవాలి. జనరల్‌కు మరో వారసుణ్ణి నేను రాయను.

ఏలూరు, 1957 సెప్టెంబరు 16, సోమవారం.

(సంతకం) మద్దాల ప్రసాదరావు

సాక్షులు:
1. జగ్గయ్య, వకీలు గుమాస్తా, ఏలూరు.
2. సూర్యనారాయణ, రిటైర్డు పోస్టుమాస్టరు, తాడేపల్లిగూడెం. ఇందులో నాకు రాసినదేదీ నాకు రాదని తెలిసే సంతకం పెట్టాను.