గాజులు పట్టపగలే అమ్మాలి

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి మడతపెట్టే చోట పనిచేసే నేను, యాభై ఏళ్ల వయసులో, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా దేవుణ్ణి తలుచుకుని రాసుకుంటున్న వీలునామా ఇది. ఒళ్లు చెడింది గానీ తెలివి చెడలేదని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను.

1. నా స్వార్జితమైన నాలుగు బంగారు గాజులు నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి. దాచుకోవడానికి కాదు, అమ్మడానికి ఇస్తున్నాను. ఆమె గుండెలో కవాటం మార్చాలనీ, ఈ ఏడాది దాటనివ్వొద్దనీ పెద్ద డాక్టరు చెప్పారు. నా వైద్యానికి అమ్ముతానని ఆమె రెండుసార్లు బీరువా తాళాలు అడిగింది. ఇవ్వలేదు. నాతో మాట్లాడడం మానేసింది. తాళాలు ఇవ్వకపోవడానికి కారణం ఇదేనమ్మా.

2. అమ్మే పద్ధతి గురించి నేను పెట్టే షరతును సలహా అనుకోవద్దు. నా భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా గొలుసు అమ్మాల్సి వచ్చింది. “మన బజార్లో వద్దు వదినా, నలుగురూ చూస్తే పరువు పోతుంది. వంతెన అవతల నాకు తెలిసినవాడున్నాడు” అన్నాడు మా మరిది. వెళ్లాం. ఎవరైనా గుర్తుపడతారేమోనని కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి నిలబడ్డాను. కొనేవాడు గొలుసు తీసుకుని తెర వెనక్కి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అది కరిగి ముద్దయిపోయింది. “ఇందులో సగం రాగేనమ్మా. మిమ్మల్ని చూస్తే జాలేసి ఈమాత్రమైనా ఇస్తున్నా” అన్నాడు. అతనికి దణ్ణం పెట్టి, ఇచ్చింది తీసుకుని, రసీదు అడగకుండా వచ్చేశాను.

ఆ డబ్బు సగం వైద్యానికే సరిపోయింది. మిగతా సగం దాకా మా ఆయన ప్రాణం ఆగలేదు. తర్వాత వెళ్లి అడిగితే, “ఏ గొలుసు? మిమ్మల్నెప్పుడూ చూడలేదే!” అన్నాడు కొనేవాడు. ఆ మాట అబద్ధమని ఎలా అనగలను? ముఖం దాచుకున్నది నేనే.

అందుచేత గాజులు మన బజార్లోనే, పట్టపగలు అమ్మాలి. మూడు దుకాణాల్లో తూకం వేయించాలి. గాజులు కంటికి కనబడనంత దూరం పోకూడదు. పరీక్ష కళ్లముందే జరగాలి. ధర కాగితం మీద పెట్టేదాకా కరిగించనివ్వకూడదు. ఎవడైనా జాలి చూపిస్తే వెంటనే గాజులు తీసుకుని బయటికి రావాలి. డబ్బు చేతికి వద్దు, నేరుగా బ్యాంకులో పడాలి. తెలిసినవాళ్లు ఎదురైతే, “మా అమ్మ గాజులు, నా ఆపరేషన్‌కి అమ్ముతున్నా” అని గట్టిగా చెప్పు.

3. మా మరిది ఆ నెలలోనే కొత్త స్కూటరు కొన్నాడు. నేనేమీ అనలేదు, ఇప్పుడూ అనను. దేవుడికి మాత్రం చెప్పుకున్నాను. ఆ గొలుసు పెట్టుకున్న ఖాళీ డబ్బా అతనికి చెందాలి. లోపలి మఖమలు గుడ్డ మీద గొలుసు అచ్చు ఇంకా ఉంది. గాజులు అమ్మే రోజున అతను తోడు వెళ్లకూడదు.

4. తోడు వెళ్లాల్సింది పక్క వాటాలో ఉండే టైలరమ్మ. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆవిడదే. గాజులు కొన్న బిల్లులు ఆవిడ దగ్గరే ఉంచాను. ఆవిడ నోరు పెద్దది. బేరానికి అదే కావాలి. “మీ దేవుడికి నా మిషను చప్పుడు పడదు లెండి” అని నన్ను ఏడిపిస్తుంది. అయినా నా ప్రార్థన పుస్తకం ఆవిడకే. చదవకపోయినా మిషను కాలికింద ఎత్తుకు పెట్టుకోవచ్చు.

5. నా వేలి ఉంగరం వాపువల్ల రావడం లేదు. ప్రాణం పోయాక సబ్బునీళ్లు పోసి తీయండి. రాకపోతే ఉంగరాన్ని కత్తిరించండి. నా ఒంటిమీది నుంచి తీయడానికి నా కూతురు వెనకాడుతుంది. వెనకాడొద్దు. అదీ తూకంలో వేయాలి.

బజారుకి వెళ్లేటప్పుడు కొంగు ముఖం మీదికి లాక్కోకు తల్లీ. అందరూ నిన్ను చూడాలి.

తేదీ: ఈ నెల పదకొండు, సోమవారం, ఉదయం.

సంతకం (వేళ్ల వాపువల్ల వంకరపోయింది, నాదే)

సాక్షులు:
మా వార్డు నర్సమ్మ
బజారు మొదట్లో మందుల దుకాణం ఆయన