దూది కుప్పలో ఇద్దరమ్మలు

పొదిలి, 2005 జూన్.

హీనా తల్లీ,

ఉద్యోగం వచ్చిందట! నీ ఉత్తరం చూసి, కుడుతున్న పరుపులో సూది అలాగే వదిలేసి బజారంతా చెప్పొచ్చాను. కొన్నాళ్లు పని చూసి ఖాయం చేస్తారన్నావే, ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకే భయంగా ఉంది. ఇంతకీ అక్కడ నీ పనేమిటమ్మా?

నీ సంతోషమే తన సంతోషమైన నాన్న, రసూల్.

తా.క. సూది దొరికింది. పరుపు కొన్న ఆదెయ్య గారికి.

*

హైదరాబాదు.

నాన్నకు సలాం.

నా పని మన పరుపుల లెక్కలో చెబుతాను. పాత కంప్యూటరు ప్రోగ్రాముల్లో, మనం పరుపుకు కుట్టినట్టే, ముందు గలీబు కుడతాం. దాన్ని క్లాసంటారు. అందులో పట్టినంతే దూది. తల్లికి ఒకటే గడి ఉంటే ఒకటే పేరు.

ఇప్పుడు సెమాంటిక్ వెబ్ అని కొత్తది. గలీబు లేదు, నేలమీద దూది కుప్ప. ‘హీనా తల్లి జానీబీ’ లాంటి చిన్న వాక్యాలు ఎవరైనా తెచ్చి వేయొచ్చు. రాయనంత మాత్రాన లేదని కాదు, తెలియదని అర్థం.

పాతదాన్ని ఇందులోకి మార్చడం నా పని. మన ఇంటితో పరీక్షించాను. అమ్మకు జ్వరమొస్తే నాకు పాలిచ్చింది రహమతున్నీసా పెద్దమ్మ కదా! ఆమెనూ తల్లిగా రాశాను. పాత అలవాటుకొద్దీ ‘ఒకరికి ఒకే తల్లి’ అని నియమం కూడా పెట్టాను. మిషను తప్పు చూపిస్తుందనుకున్నాను. చూపించలేదు నాన్నా. తల్లి ఒకరే కాబట్టి అవి ఒకరికే ఉన్న రెండు పేర్లనుకుని, ఇద్దరూ ఒకే మనిషని తేల్చేసింది!

సోమవారం మా పై అధికారి రెబ్కా మేడమ్‌కి చూపించాలి. తేడా వస్తే ఇంటికే.

మీ హీనా.

తా.క. దాని లెక్కన మీరు పెద్దమ్మకు భర్త. మాలిక్ పెదనాన్న అమ్మకు భర్త. ఈ ఉత్తరం ఇంట్లో పైకి చదవకండి.

*

పొదిలి.

హీనా తల్లీ,

పైకి చదవొద్దని చివర రాస్తే ఎలాగమ్మా? మొదటినుంచీ గొంతెత్తి చదివాను. మీ అమ్మ, పెద్దమ్మ, మాలిక్ అన్న అందరూ ఉన్నారు. ఆయన లేచి, “ఏవయ్యా రసూలూ, ఇదేం చదువయ్యా!” అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ మిషను గవర్నమెంటుదా? ఒక రేషన్ కార్డు కొట్టేస్తారేమో! ఇద్దరూ వేరని వెంటనే రాసెయ్యి.

గుండె దడ తగ్గని నాన్న.

తా.క. రాయనంత మాత్రాన లేదని కాదన్నావుగా. “అయితే ఇంకో పెళ్లాం ఉందేమో” అని మీ అమ్మ అప్పట్నుంచీ నన్ను పీక్కుతింటోంది.

*

హైదరాబాదు.

నాన్నకు సలాం.

ఇద్దరూ వేరని రాశాను. ఒకే తల్లి అన్న నియమంతో అది పొసగక, మొత్తం లెక్కే తప్పంది మిషను. చూస్తే వెనకాల రెబ్కా మేడమ్!

“ఈ నియమం ఎవరు పెట్టమన్నారు?” అన్నారు.

“పాత క్లాసులో ఒక్క గడే ఉందండీ. అది ప్రోగ్రాము సౌకర్యమే, మా ఇంట్లో నిజం కాదు” అని నియమం తీసేశాను. ఇప్పుడు నాకు ఇద్దరమ్మలు, ఎవరికి వారే. మేడమ్ వెళ్లిపోయారు. సాయంత్రం కబురొచ్చింది: ఉద్యోగం ఖాయం!

మీ హీనా.

తా.క. ఇద్దరూ వేరేనని పెద్దమ్మకు చెప్పండి.

*

పొదిలి.

హీనా తల్లీ,

ఖాయమైందట! ఏడ్చేశానమ్మా. కానీ నువ్వు చెప్పమన్నది చెప్పే ధైర్యం నాకు లేదు. మిషను మాట విన్న రోజే మీ పెద్దమ్మ, “ఒక మనిషికి రెండు పొయ్యిలెందుకే” అని తట్టా బుట్టా తెచ్చుకుని ఇక్కడే ఉండిపోయింది. మాలిక్ అన్న వెళ్లింది అలిగి కాదు, పరుపు తెచ్చుకోడానికి. ఇప్పుడు మీ అమ్మను ఒక మాటంటే రెండు నోళ్లు లేస్తున్నాయి.

కాబట్టి ఇద్దరూ వేరేనని నువ్వే రాయాలి: ఈ వింత అప్పుడే చెవినపడ్డ మార్టూరు బాషా మామకు, చీరాల సాజిదా అత్తకు, మీ అమ్మకు, మీ పెద్దమ్మకు. ఆఖరి ఇద్దరికీ ఒక్క ఉత్తరం చాలు.