అడక్కముందే మందు

బావా,

ఫోన్లో మనం ఆడే ఆటలో ఇప్పటికీ దెబ్బతిన్నవాళ్లకి మందేసే హీలర్ని నేనే. నువ్వున్నప్పుడు ఆ పని సులువుగా ఉండేది. ముందుకురికి దెబ్బలు తిని, "ఒసే, మందెయ్యే, సచ్చిపోతన్నాను!" అని చెవులు చిల్లులు పడేలా అరిచేవాడివి. అరుపు వినగానే బటన్ నొక్కేదాన్ని.

నువ్వు పోయాక నేను చేరిన జట్టులో ఎవరూ అరవరు. మొదట్లో నేను చూసేసరికే పడిపోయి, నన్ను తిట్టేవారు. ఇప్పుడు శత్రువు వైపు చూడటమే మానేశాను. మనవాళ్ల తలల మీద ప్రాణం చూపించే గీతలే చూస్తాను. గీత కాస్త తగ్గితే చాలు, అడక్కముందే మందు వేసేస్తాను. నిన్నటి ఆటలో ఒక్కరినీ పోనివ్వలేదు. చెబితే నమ్మవు నువ్వు.

ఆటలో చిన్న దెబ్బకే అంత గోల చేసేవాడివి. నిజంగా ఒంట్లో బాగోనప్పుడు మాత్రం "ఏటీ లేదే, తగ్గిపోతాది" అన్నావు. అందరం నమ్మేశాం.

ఇవాళ పొద్దున్న మీ అమ్మ నీళ్ల బిందెతో వస్తూ గుమ్మం దగ్గర ఆగి గోడ పట్టుకుంది. బిందె అందుకుని, ఆటో పిలిచి విజయనగరం ఆస్పత్రికి తీసుకెళ్లాను. బీపీకి మాత్రలిచ్చారు, ఇప్పుడు పరవాలేదు. వెళ్లేటప్పుడు ఆటోలో మాత్రం దారంతా విసుక్కుంది.

"నానేటీ అన్లేదు కదే!"

"నువ్వు అనవనే తీసుకెళ్తన్నానత్తా" అన్నాను.